చంపిన మనిషి ఎవరు? ఇంగ్లీషు నామబంధం, తెలుగు పదక్రమం, మన రాతలు

'ఇంగ్లీషు తెలుగుకి తిరగేసిన భాష. వెనకనించి చదువుకుంటూ వస్తే అర్థం అదే తేలుతుంది.' బందరులో గానీ గుడివాడలో గానీ అవనిగడ్డలో గానీ సర్కారు బళ్ళలో చదువుకున్నవాళ్ళలో ఈ సూత్రం చెవిన పడనివాళ్ళు తక్కువ. మేమూ విన్నాం. నమ్మాం కూడా. మా ముగ్గురిలో ఒకరిది బందరు, ఒకరిది గుడివాడ పక్క పల్లె, ఒకరిది దివిసీమ. ముగ్గురం గూడేలనించి వచ్చినవాళ్ళమే, ముగ్గురం ఇప్పుడు పిల్లలకి చదువు చెప్పి బతుకుతున్నవాళ్ళమే. మేం నేర్చుకున్న సూత్రాన్నే మా దగ్గరికొచ్చే పిల్లలకి అప్పజెబుతూ వచ్చాం. ఆ సూత్రం సగం తప్పని, ఆ తప్పు సగం మన పిల్లల్ని ఎట్లా దెబ్బతీస్తుందో, ఒప్పు సగం మన రాతల గురించి ఏం చెబుతుందో చూడాలని ఈ వ్యాసం.

ముందు ఒక సంగతి. మాలో ఒకరు ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, బడి పేరు అక్కర్లేదు, మాస్టారు బోర్డుమీద 'కామందు కొట్టిన కూలి' అని రాసి ఇంగ్లీషులోకి మార్చమన్నాడు. మావాడు లేచి 'లాండ్‌లార్డ్ బీట్ కూలీ' అన్నాడు. క్లాసంతా నవ్వింది. 'నేను వాక్యం అడగలేదురా, మాట అడిగాను. పేటనించి వచ్చేవాళ్ళకి ఇంగ్లీషు ఎక్కదు' అని మాస్టారు పక్కవాణ్ణి లేపాడు. పక్కవాడు గైడులోది అప్పజెప్పి కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత మేం ముగ్గురం కూర్చుని ఆ జవాబుని మళ్ళీ చూశాం. మావాడు చేసింది తెలుగు మాటల్ని వరసగా ఇంగ్లీషు మాటలతో మార్చడం. అందులోంచి చివరి మాట 'కూలీ'ని తీసి ముందు పెడితే 'ది కూలీ ది లాండ్‌లార్డ్ బీట్' అవుతుంది. అది నిక్షేపంలాంటి ఇంగ్లీషు. హూమ్ అక్కర్లేదు, దట్ అక్కర్లేదు. కర్మని తలగా చేసినప్పుడు ఆ మాటల్ని వదిలెయ్యడం ఇంగ్లీషులో మామూలే. అంటే మావాడు సరైన జవాబుకి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. ఆ ఒక్క అడుగూ చూపించడం రానిది మాస్టారికి. ఎక్కనిది ఎవరికో మీరే చెప్పండి.

ఇంతకీ నామబంధం అంటే భయపడాల్సింది లేదు. ఒక నామవాచకం, దానికి ముందో వెనకో అంటుకుని ఉండే మాటలు, అన్నీ కలిసి ఒక గుంపు. 'ఈ మూడు పెద్ద ఇళ్ళు' ఒక నామబంధం. ఇంగ్లీషులో 'దీజ్ త్రీ బిగ్ హౌసెస్'. ఇప్పుడు తిరగేసే సూత్రం ఇక్కడ పెట్టి చూడండి. 'ఇళ్ళు పెద్ద మూడు ఈ' అని వస్తుంది. ఇది తెలుగు కాదు. కానీ ఇలా మాట్లాడేవాళ్ళు ప్రపంచంలో లేకపోలేదు. థాయిలాండువాళ్ళు ఇంచుమించు ఈ వరసలోనే అంటారు: ఇల్లు, పెద్ద, మూడు, ఈ. మన పిల్లలకి ఇంగ్లీషు పేరుతో థాయి వ్యాకరణం చెబుతున్నామన్నమాట. నామానికి ముందుండే భాగంలో ఇంగ్లీషూ తెలుగూ ఒకే బాట. ముందు చూపించే మాట, తర్వాత లెక్క, తర్వాత గుణం, చివర వస్తువు. హిందీ కూడా అంతే.

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో విశేషణాల వరస అని ఒక జాబితా ఉంటుంది. సైజు ముందు, రంగు తర్వాత, ఊరూ జాతీ ఆ తర్వాత, దేంతో చేసిందో ఆ తర్వాత అని. పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా బట్టీ పడతారు. ఎందుకు పట్టాలి? 'రెండు పెద్ద తెల్ల ఒంగోలు ఎడ్లు' అని మన తాతలు సంతలో అన్నారు. 'టూ బిగ్ వైట్ ఒంగోల్ బుల్లక్స్'. ఒక్క మాట అటూ ఇటూ జరగలేదు. 'రెండు ఒంగోలు తెల్ల పెద్ద ఎడ్లు' అని ఏ పాలేరూ అనడు. అక్షరం రాని మనిషి నోట్లో ఉన్న క్రమాన్నే ఇంగ్లీషువాడు పాఠంగా అచ్చువేశాడు. ఈ ముక్క చెప్పాక పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు చూసి తీరాలి. తమకి ముందే తెలిసిన సంగతిని తెలియనిదిగా ఇన్నాళ్ళూ భయపెట్టారని వాళ్ళకి అర్థమౌతుంది.

ఇది మా గొప్ప కాదు, పరిశోధకులు ఎప్పుడో తేల్చిందే. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషావేత్త 1963లో అచ్చయిన వ్యాసంలో 30 భాషల్ని పక్కపక్కన పెట్టి మాటల వరస గురించి 45 సార్వత్రిక సూత్రాలు రాశాడు. ఆ 30లో తెలుగు లేదు గానీ మన అక్క కన్నడం ఉంది, హిందీ ఉంది. అందులో ఇరవయ్యో సూత్రం మన ఎడ్ల బేరం గురించే: చూపించే మాట, సంఖ్య, గుణం మూడూ నామానికి ముందొస్తే వాటి వరస ఎప్పుడూ అదే. నామం తర్వాత వస్తే మాత్రం అదే వరసైనా ఉండొచ్చు, పూర్తిగా తిరగబడైనా ఉండొచ్చు. తర్వాతివాళ్ళు దీన్ని సరిదిద్దారు. ఇటలీకి చెందిన చింక్వే 2005లో లెక్కగట్టి, ఈ నాలుగు మాటల్ని 24 రకాలుగా పేర్చే వీలుంటే లోకంలో కనిపించేవి 14 అని చూపాడు. కానీ నామానికి ముందు నడిచే వరస గురించి గ్రీన్‌బర్గ్ చెప్పింది నిలబడే ఉంది. విశేషణం ముందుండటానికీ వెనకుండటానికీ, క్రియ వాక్యం మధ్యలో ఉండటానికీ చివర ఉండటానికీ లంకె లేదని మాథ్యూ డ్రయర్ 1992లో ఇంకా ఎక్కువ భాషలు చూసి తేల్చాడు. అంచేత 'తెలుగులో క్రియ చివరొస్తుంది గాబట్టి అన్నీ తిరగబడతాయి' అనే వాదం నిలవదు.

మరి సూత్రంలో ఒప్పు సగం ఏది? నామం తర్వాతి భాగం. ఇంగ్లీషు నామం నడిమధ్యలో నిలబడుతుంది. తేలిక సామాను ముందు, బరువు సామాను వెనక. 'ది కీ ఆఫ్ ది డోర్ ఆఫ్ ది హౌస్ ఇన్ ది విలేజ్' అన్నప్పుడు తాళంచెవి ముందొచ్చేసింది, తలుపూ ఇల్లూ ఊరూ దాని వెనక తోకలా వచ్చాయి. తెలుగులో 'ఊళ్ళో ఇంటి తలుపు తాళంచెవి'. ఇక్కడ తిరగేస్తే అచ్చంగా సరిపోతుంది. తెలుగులో బరువు సామాను కూడా ముందే రావాలి. మన నామం శివారు చేను లాంటిది. కాలవ నీళ్ళు పైచేలన్నీ తడిపి దిగాకే దానికి అందుతాయి. దివిసీమవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకో ముక్క. ఇంగ్లీషుకి ఆస్తీ బంధుత్వం చెప్పేచోట రెండు దారులున్నాయి, 'రాజూస్ హౌస్' అని ముందు పెట్టొచ్చు, ఆఫ్ వేసి వెనకా పెట్టొచ్చు. తెలుక్కి ఒకటే దారి. ఏ, ది అనే మాటలు మనకి లేవు, వాటిని ఎక్కడ వెయ్యాలో చెప్పే సూత్రాలు ఉన్నాయి, మిగతాది వినగా వినగా పట్టుబడాలి.

అసలు కష్టం వాక్యాన్ని నామానికి తగిలించేచోట ఉంది. ఇంగ్లీషులో హు, హూమ్, విచ్, వేర్ అని రకరకాల కొక్కేలున్నాయి. మనకి ఉన్నది ఒకటే. చిన్నయసూరి నాటినించీ దాన్ని ధాతుజ విశేషణం అంటున్నారు. కోసిన, కోసే, కొయ్యని. 'మేం కోసిన చేను', 'చేను కోసిన మేం', 'చేను కోసిన కొడవలి', 'చేను కోసిన రోజు'. చేను కర్మ, మేం కర్త, కొడవలి పనిముట్టు, రోజు కాలం. నాలుగింటికీ 'కోసిన' ఒక్కటే. ఏ సంబంధమో ఆ మాటలో రాసి ఉండదు. వినేవాడు లోకజ్ఞానంతో పట్టుకోవాలి. కొడవలి చేను కోస్తుందా, చేను కొడవల్ని కోస్తుందా అని ఎవరూ అడగరు. ఇది తెలుగు లోపం కాదు. తమిళం, జపనీసు, తుర్కీ భాషలు కూడా వాక్యాన్ని నామానికి ముందే కడతాయి, హాయిగా నడుస్తున్నాయి.

కానీ అవతలా ఇవతలా మనుషులే ఉన్నప్పుడు లోకజ్ఞానం చాలదు. 'చంపిన మనిషి' అన్నామనుకోండి. చంపినవాడా, చచ్చినవాడా? రెండూ అవుతాయి. ఇంగ్లీషులో 'హు కిల్డ్', 'హూమ్ దే కిల్డ్' అని వేరువేరు, కలిసే ప్రసక్తి లేదు. తెలుగులో విడదియ్యాలంటే ముందున్న మాట కావాలి. 'కామందులు చంపిన కూలీలు' అంటే చచ్చింది కూలీలు. 'కామందుల్ని చంపిన కూలీలు' అంటే చచ్చింది కామందులు. మధ్య తేడా ఒక్క 'ని'. ఆ ముందుమాటే ఎగిరిపోతే 'చంపిన కూలీలు' మిగులుతుంది. చచ్చినవాళ్ళే హంతకులైనట్టు వినబడుతుంది. ఈ ఇబ్బంది తప్పించుకోవడానికే పత్రికల తెలుగు 'చంపబడిన' అని ఒక రూపం వాడింది. 'బడు' చేర్చి చెప్పడం ఇళ్ళల్లో ఎవరి నోటా సహజంగా రాదు. అది బాగోలేదనిపించి తర్వాత 'హత్యకు గురైన', 'మృతి చెందిన' అనడం మొదలెట్టారు.

ఇక్కడ ఆగి చూడాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమని ఊడ్చేసింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. 'ఉప్పెనలో మృతి చెందినవారు' అని రాశారు. సబబే. ఉప్పెనకి కులం లేదు (గుడిసె ఎక్కడుంటుందన్నదానికి ఉంది, అది వేరే వ్యాసం). 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి గోతాల్లో కట్టి కాలవల్లో పడేశారు. వాళ్ళ గురించీ 'దాడిలో మృతి చెందినవారు' అనే రాశారు. 'ఉప్పెనలో', 'దాడిలో'. అదే 'లో', అదే 'మృతి చెందిన'. నీళ్ళొచ్చి ముంచినదానికీ మనిషొచ్చి నరికినదానికీ ఒకే అచ్చు. 'చుండూరు ఘటన' అన్నది ఇంకా సులువు. ఊరి పేరుంది, ఘటన ఉంది, మనిషి లేడు. 'ఇరువర్గాల ఘర్షణ' అన్నదాంట్లో చచ్చినవాళ్ళూ చంపినవాళ్ళూ ఒకే మాటలో సర్దుకుపోయారు.

ఇదంతా తెలుగు నామబంధం చేసిన పని అనేవాళ్ళున్నారు. ఇంగ్లీషైతే నిజం దాచలేదని మాలోనే ఒకరు కొన్నాళ్ళు వాదించారు. మేం ఒప్పుకోం. ఇంగ్లీషులో 'ఎయిట్ దళిత్స్ కిల్డ్' అని శీర్షిక పెట్టొచ్చు. చచ్చిందెవరో స్పష్టమే, ఆ మేరకి ఇంగ్లీషు నయం. చంపిందెవరో చెప్పే 'బై' ముక్క వెనక తోక గనక చోటు చాలలేదని కత్తిరించినా వాక్యం నిలబడుతుంది. తెలుగులో ఆ ముక్క ముందుంటుంది, తీసేస్తే మిగిలింది గందరగోళమౌతుంది గనక తియ్యడానికి వేరే రూపం వెతుక్కోవాలి, 'మృతి చెందిన' లాంటిది. అంటే తెలుగులో దాచాలంటే కాస్త శ్రమపడాలి. శ్రమపడి మరీ దాచారు. 'కారంచేడు ఘటన', 'కారంచేడు ఇన్సిడెంట్' రెండు భాషల్లోనూ ఒకే వరస. వ్యాకరణం మీద నేరం మోపితే రాసినవాడు తప్పించుకుపోతాడు.

చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. 'చుండూరులో దళితుల్ని చంపినవాళ్ళు' అనే నామబంధం వ్యాకరణ రీత్యా ఒప్పే. ఆ తీర్పు రీత్యా దానికి అర్థమయ్యే మనిషి ఒక్కడూ లేడు.

మన పేర్లు కూడా నామబంధాలే, వాటినీ ఇదే గీటురాయి మీద గీసి చూశాం. తెల్లదొరల కాగితాల్లో మనం 'డిప్రెస్డ్ క్లాసెస్'. నొక్కబడిన వర్గాలు. ఎవరు నొక్కారు? ఆ చోటు ఖాళీ. 1935 చట్టంలో 'షెడ్యూల్డ్ కాస్ట్స్' అయ్యాం. జాబితాలో వెయ్యబడిన కులాలు. ఇక్కడ నొక్కడం కూడా పోయింది, గుమాస్తా కలం మిగిలింది. తెలుగులోకి వచ్చేసరికి 'అణగారిన వర్గాలు'. అణగారడం అకర్మక క్రియ, దానంతటదే జరిగేది, పొయ్యిలో మంట అణగారినట్టు. 'వెనుకబడిన కులాలు' కూడా అంతే. నడవలేక వెనకబడ్డారన్నట్టుంటుంది తప్ప వెనక్కి నెట్టినవాడు ఆ మాటలో లేడు. ఇంగ్లీషు 'బ్యాక్‌వర్డ్'లో ఆ మాత్రం క్రియ కూడా లేదు, పుట్టు గుణం అన్నట్టుంటుంది. ఈ విషయంలో మేం చేతులు కడుక్కోలేం. మేం వేసిన కరపత్రాల్లో 'అణగారిన' అని ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. 'అణచిన' అని రాయాలంటే ముందు ఒక కర్తని పెట్టాలి, పెడితే ఊళ్ళో గొడవ. అది మా చేతి భయం, వ్యాకరణానిది కాదు.

దీనికి ఎదురు నడిచిన సందర్భాలూ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ పేరుతో పిలిచిన సభలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, ఆ పేరుని ఆది ఆంధ్రగా మార్చుకున్నారు. పదబంధాలుగా చూడండి. పంచముడు అంటే అయిదోవాడు. అయిదు అనే లెక్క నాలుగు వర్ణాలనించి మొదలౌతుంది, వాళ్ళు లేకపోతే మనకి నంబరు లేదు. 'ఆది'కి అలాంటి ఆధారం అక్కర్లేదు, లెక్క మననించి మొదలౌతుంది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తెచ్చిన తీర్మానంతో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లు సర్కారు కాగితాలకెక్కాయి. ఒక విశేషణం మార్చడానికి సభలూ తీర్మానాలూ ఎందుకని నవ్వినవాళ్ళకి విశేషణం బరువు తెలీదు. 'దళిత' కూడా పుట్టుకలో విరిగిన, చీలిన అనే అర్థమున్న సంస్కృత విశేషణమే. కారంచేడు తర్వాత దళిత మహాసభ దాన్ని మన నోళ్ళలో నిలిపింది. ఇవాళ 'దళితుడు', 'దళితురాలు' అని అదే తల అయి కూర్చుంది. ఇంకో నామానికి ముందు ఒదిగి ఉండాల్సిన పని లేదు.

తల అంటే గుర్తొచ్చింది. తెలుగు నామబంధంలో తల లేకుండా పోదు. ఇంగ్లీషులో 'ది పూర్' అంటే బీదవాళ్ళందరూ. ఒక్క బీదవాణ్ణి చెప్పాలంటే 'మ్యాన్' అనో 'వన్' అనో తగిలించాలి. మనం విశేషణానికి 'వాడు' కలుపుతాం: పేదవాడు, మంచివాడు, పొడుగాటివాడు. ఈ 'వాడు' అనేచోట కులం కూర్చుంటుంది. 'చౌదరిగారు', 'కరణంగారు', 'మాలోడు', 'చాకలోడు'. విశేషణం కులం పేరే, తల మారిపోయింది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అందరూ 'హి'. మన పిల్లలకి ఇంగ్లీషు మీద ఉండే మోజులో ఈ 'హి' పాలు ఎంతో ఉంది. కామందు కూడా 'హి', పాలేరు కూడా 'హి' అని మొదటిసారి విన్నప్పుడు మాలో ఒకరు క్లాసులో నవ్వాపుకోలేక దెబ్బలు తిన్నారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చెడ్డది. తెలుగు ఏకవచనంలో మగవాడు ఒక వైపు, ఆడమనిషీ గొడ్డూ గోదా ఇంకో వైపు. 'ఆమె వచ్చింది', 'గేదె వచ్చింది'. గూడెంలో ఆడమనిషి గురించి ఊళ్ళోవాళ్ళు 'అది' అనేస్తారు. 'దున్నేవాడికే భూమి' అనే నినాదం మనమంతా అరిచిందే. 'దున్నే'కి తల 'వాడు'. డెల్టాలో నాట్లేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళు. 'నాటేది' అంటే తిట్టినట్టుంటుంది, 'నాటే ఆమె' నినాదంలో పట్టదు. ఇంగ్లీషు 'టిల్లర్' అనే మాటకి లింగం లేదు. అయినా నాటేవాళ్ళు అందులోనూ లేరు, దున్నేవాళ్ళే ఉన్నారు.

లెక్క దగ్గర మాత్రం తెలుగు ఇంగ్లీషు కన్నా పట్టింపు గలది. 'రెండు అరకలు' గానీ 'ఇద్దరు మనుషులు'. ఇద్దరు, ముగ్గురు, ఏడుగురు, అక్కణ్ణించి ఎనిమిది మంది, పదిమంది. మనుషుల్ని వస్తువుల అంకెతో లెక్కపెడితే తెలుగు ఒప్పుకోదు. 'టూ'కి ఆ తేడా తెలీదు. 'కోతకి మనుషులు దొరకట్లేదు' అని కామందులు వాపోతుంటారు. ఆ మాటలో మనుషులంటే మనమే. ఏడాది పొడుగునా కులం పేరుతో పిలిచినవాళ్ళ నోట మనం మనుషులమయ్యేది కోతల కాలంలో.

ఇదంతా రాస్తున్నది బందరులో కూర్చుని గనక ఇంకో మాట చెప్పాలి. తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషు పక్కన పెట్టి చూసే పనిలో కొంత ఈ ఊరినించి కూడా జరిగింది. సి.పి. బ్రౌన్ ఇక్కడ ఉద్యోగం చేశాడు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఇక్కడ పనిచేసిన ఏ.హెచ్. ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాశాడు, తర్వాత తమిళానికీ రాశాడు. ఇంగ్లీషు హు, విచ్ వాక్యాలు తెలుగులో ధాతుజ విశేషణాలుగా ఎట్లా మారతాయో, వాడు, అతడు, ఆయన ఎవరెవరికి వాడాలో ఆ పుస్తకంలో దొరలకి ఓపిగ్గా నేర్పాడు. తెలుగు రాని తెల్లవాడికి అంత ఓపిగ్గా చెప్పినట్టు ఇంగ్లీషు రాని మాలపిల్లవాడికి చెప్పిన పుస్తకం ఏదీ మాకు చిక్కలేదు. అదే మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో పెట్టిన ఇంగ్లీషు పాఠశాల అగ్రకులాల పిల్లల్ని ఉద్దేశించి పెట్టింది. మనవాళ్ళకి దక్కింది పల్లెల్లో మిషను బళ్ళు, వాటిలో తెలుగు బైబిలు చదివే పాటి అక్షరాలు. వాటినీ తక్కువ చెయ్యం, మా తాతల్లో ఇద్దరు అక్కడే అక్షరాలు దిద్దుకున్నారు. కానీ రెండు భాషల మధ్య వంతెన మీద ఎవరిని నడిపించారో, ఎవరిని కింద ఏట్లో వదిలేశారో మరిచిపోలేం.

భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణం పండితుల భాషని పక్కనపెట్టి వాడుక భాషని లెక్కలోకి తీసుకుంది. మంచి పుస్తకం, మేం చాలా నేర్చుకున్నాం. అదీ ఇంగ్లీషులోనే ఉంది. చదువుకున్నవాళ్ళ వాడుక అందులో ప్రమాణం. గూడెం వాడుక ప్రమాణంగా రాసిన వ్యాకరణం కోసం చూస్తూనే ఉన్నాం.

2019లో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెడతామని జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ వాదులాటలో తెలుగు చచ్చిపోతుందని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో చాలామంది పిల్లలు కాన్వెంట్లలో ఉన్నారు. అందుకని మేం ఇంగ్లీషు మీడియం వైపే నిలబడ్డాం. ఇప్పటికీ ఆ వైపే ఉన్నాం. కానీ మీడియం మారిస్తే పాఠం చెప్పే తీరు దానంతటదే మారదని కూడా చూశాం. ఆ తర్వాత వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మంచి ఆలోచన. అద్దంలో బొమ్మ అన్నారు దాన్ని. పిల్లలు ఒక పేజీ మీద ఒక వేలు, రెండో పేజీ మీద ఇంకో వేలు పెట్టి చదువుతారు. 'ఈ మూడు పెద్ద' దాకా రెండు వేళ్ళూ జతగా నడుస్తాయి. నామం దాటాక ఒక వేలు ఆగిపోతుంది, రెండోది ఎక్కడో పేరా చివర దొరుకుతుంది. ఎందుకు ఆగిందో చెప్పే ముక్క ఆ పుస్తకాల్లో మాకు కనబడలేదు. టీచర్లకి ఆ ఒక్క సంగతి చెబితే నెలరోజుల బట్టీ తప్పుతుంది.

మేం ఇప్పుడు చేస్తున్న పద్ధతి చెబుతాం, ఎవరికైనా పనికొస్తే వాడుకోవచ్చు. చీటీల మీద తెలుగు మాటలు విడివిడిగా రాసి నేలమీద వరసగా పెడతాం. చివరి చీటీ, అంటే నామం, ఎర్ర సిరాతో ఉంటుంది. దాని ముందున్న చీటీల్లో చిన్నవి కదపొద్దంటాం. వాక్యమంత పొడుగున్నవాటిని మాత్రం ఎర్ర చీటీ అవతలికి మార్చమంటాం. మార్చిన వాక్యంలో ఎర్ర చీటీ మనిషి పనిచేసినవాడైతే హు పెట్టాలి, పని మీద పడినవాడైతే పెట్టకపోయినా ఫరవాలేదు. అంతే పాఠం. గుడివాడలో ఒక ఆదివారం 'కామందు కొట్టిన కూలి' చీటీలు పరిచాం. ఏడో తరగతి పిల్ల ఎర్ర చీటీ తీసి ముందు పెట్టి, చదివి, కాసేపు చూసి, 'మాస్టారూ, కామందుని కొట్టిన కూలి అని కూడా చెయ్యొచ్చా?' అంది. చెయ్యొచ్చన్నాం. ఆ పిల్ల ఇంకో చీటీ అడిగి తీసుకుని దానిమీద 'ని' రాసింది.